భోక్తగారి కొత్త కడుపు

2 జూలై 2008, బుధవారం

పొద్దున బార్లీ నీళ్ళు, నాలుగు చెంచాలు. పదింటికి పల్చటి మజ్జిగ, అర గ్లాసు. మధ్యాహ్నం పప్పుకట్టు, ఆరు చెంచాలు. సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగ.

ఈ నోటుపుస్తకం హైదరాబాదు ఆసుపత్రిలో రోగుల తిండి సంగతి చూసే అమ్మాయి ఇచ్చింది. తిన్నదల్లా రాయాలిట. తింటున్నప్పుడు మనసులో కలిగింది కూడా రాయాలిట. పప్పుకట్టు తాగుతున్నప్పుడు నా మనసులో కలిగింది రాస్తే ఆ అమ్మాయి మళ్ళీ నా మొహం చూడదు. అందుకని ఆవిడకి చూపించడానికి వేరే పుస్తకం పెట్టాను. అందులో అన్నీ మర్యాదగా ఉంటాయి. ఇది నాకోసం.

ఆపరేషనుకి ముందు ఆ అమ్మాయే ఫారం నింపుతూ "వృత్తి ఏంటండీ?" అని అడిగింది.

"భోక్తని" అన్నాను.

"అంటే?"

"తద్దినాలకి పిలుస్తారమ్మా. పోయిన పెద్దాయన స్థానంలో నన్ను కూర్చోబెట్టి, కాళ్ళు కడిగి, భోజనం పెడతారు. నేను తింటే ఆయన తిన్నట్టు."

పెన్ను గాల్లో పట్టుకుని కాసేపు ఆలోచించింది. "తినడమే ఉద్యోగమా అండీ?" అంది. నాకు ఒళ్ళు మండింది. బందరులో ఇరవై రెండేళ్ళుగా పితృస్థానం అంటే మార్కండేయులు, మార్కండేయులంటే పితృస్థానం. ఎంతమంది తండ్రులు, తాతలు నా నోటితో తిన్నారో ఈ పిల్లకేం తెలుసు?

నూట నలభై ఒక్క కిలోల మనిషిని. రెండు మోకాళ్ళూ పోయాయి. షుగరు వచ్చింది. పడుకుంటే ఊపిరాగి ఉలిక్కిపడి లేచేవాణ్ణి. మా బావమరిది ఆ ఆసుపత్రిలో పనిచేస్తాడు కాబట్టి పట్టుబట్టి చేర్పించాడు. కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత సంచీలా కుట్టారు. తీసేసిన ముక్కని ఏంచేశారని అడిగితే డాక్టరు నవ్వాడు. ఇందులో నవ్వడానికేముందో నాకు అర్థం కాలేదు.

సంగతి నాకు, మా ఆవిడ సీతామహాలక్ష్మికి, బావమరిదికి తప్ప ఎవరికీ తెలీదు. మోకాళ్ళ వైద్యానికి వెళ్ళానని ఊళ్ళో చెప్పాం.

ఇవాళ బరువు నూట ఇరవై ఏడు.

5 జూలై

మజ్జిగ. మజ్జిగ. మజ్జిగ.

11 జూలై

మెత్తగా పిసికిన ఇడ్లీ, సగం. దానికి ముప్పావు గంట పట్టింది.

నాగేశ్వరరావుగారు వచ్చారు. బందరు, గుడివాడ, దివిసీమల్లో తద్దినాలు పెట్టించేది ఆయనే, మా భోక్తల్ని కూర్చి తీసుకెళ్ళేదీ ఆయనే. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమిటయ్యా మార్కండేయులూ, ఇలా అయిపోయావ్! ఒంట్లో బాగానే ఉందా?"

"ఉపవాసాలండీ" అన్నాను.

"నువ్వు!" అన్నారు.

మాటల్లో పెట్టి, తెలిసినాయన సంగతన్నట్టుగా అడిగాను. "ఒక మనిషికి లోపల ఒక భాగం తీసేశారనుకోండి. అంగహీనుడు భోక్తగా పనికిరాడంటారు కదా. అతను కూర్చోవచ్చా?"

"లోపలంటే?"

"అపెండిక్సు లాంటిది."

"బయటికి కనబడే అంగమైతే దోషం కానీ, లోపలిది ఎవడు చూడొచ్చాడయ్యా? కూర్చోవచ్చు."

శాస్త్రం తెలిసిన మనిషి చెప్పాక ఇంక సందేహం లేదు. నాదీ అపెండిక్సు లాంటిదే. కాస్త పెద్దది, అంతే.

వెళ్ళబోతూ, "కార్తీక శుద్ధ నవమి గుర్తుందిగా. కోడూరు అమ్మగారు అప్పుడే ఫోన్ చేసి నువ్వొస్తున్నావా అని అడిగారు" అన్నారు.

గుర్తులేకేం. కోడూరు కనకమహాలక్ష్మిగారింటికి పద్నాలుగేళ్ళుగా వెళ్తున్నాను. వాళ్ళాయన డెబ్భై ఏడు ఉప్పెనలో పోయారు. ఇంట్లో ఆయన ఫోటో కూడా మిగల్లేదు. వంటంతా మడి కట్టుకుని ఆవిడే చేస్తుంది. కోడలు వడ్డిస్తుంటే వంటింటి గుమ్మానికి ఆనుకుని నా విస్తరివంకే చూస్తూ నిలబడుతుంది. "వెయ్యవే, ఇంకో రెండు వెయ్యి" అంటుంది. పోయినేడు ఇరవై నాలుగు గారెలు తిన్నాను. ఇరవయ్యోదాని దగ్గర ఆవిడ కళ్ళొత్తుకోవడం చూశాను. వాళ్ళాయన నాలాగే భారీ మనిషయ్యుండాలి, నన్ను చూస్తే ఆయన్ని చూసినట్టుంటుందేమో. ఏడాదికి ఒక్కపూట మొగుడు భోజనానికొస్తాడు ఆవిడకి. మిగతా ఏ ఇల్లు పోయినా ఫరవాలేదు గానీ ఆ ఇంట్లో నేను ఆకు ముందు చేతులు ముడుచుకుని కూర్చోలేను.

ఇంకా నాలుగు నెలలుంది. ఈలోపు కడుపు అదే సర్దుకుంటుంది.

3 ఆగస్టు

బరువు నూట పదిహేడు.

బంగారు మొలతాడు జారి కాళ్ళ దగ్గర పడింది. రెండు చుట్లు తిప్పి కట్టాను. పొట్టమీది చర్మం వేళ్ళాడుతోంది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టే. ఇదీ ప్రగతి!

కోనేరు సెంటరులో కిళ్ళీకొట్టాయన నన్ను పక్కకి పిలిచి, "షుగరా గురువుగారూ, లేకపోతే ఇంకేదైనానా?" అన్నాడు. ఆ 'ఇంకేదైనా' అన్నప్పుడు రెండడుగులు వెనక్కి జరిగాడు. లావుగా ఉన్నప్పుడు ఈ ఊళ్ళో ఒక్కడూ నా ఆరోగ్యం సంగతి అడిగిన పాపాన పోలేదు.

9 ఆగస్టు

సీత గుడికి వెళ్ళింది కదా అని ఒక పెసరట్టు వేసుకున్నాను. సాధన చెయ్యందే ఏదీ రాదు. సగం తిన్నాక గుండెలమీద ఎవరో కూర్చున్నట్టయింది. పెరట్లోకి పరుగెత్తాను.

సీత వచ్చి పెనం చూసింది, పెరడు చూసింది, నన్ను చూసింది.

"అక్కడికెళ్ళి చిన్నది చేయించుకొచ్చి ఇక్కడ కూర్చుని పెద్దది చేసుకుంటున్నారా?" అంది.

ఆవిడకి సాధన అంటే ఏమిటో తెలీదు.

10 ఆగస్టు

మజ్జిగ.

24 ఆగస్టు

రాయాలి కాబట్టి రాస్తున్నాను. పొద్దున్న మేడ మీదికి ఎక్కాను. పన్నెండు మెట్లు. ఎక్కాక గానీ ఎక్కానని తెలియలేదు. పైన సీత ఒడియాలు పెడుతోంది. నన్ను చూసి చేతిలో గిన్నె వదిలేసింది. మేము ఈ ఇంట్లోకి వచ్చి తొమ్మిదేళ్ళయింది, మేడ మీద నుంచి వీధి ఎలా ఉంటుందో నేను చూడ్డం ఇదే మొదటిసారి.

షుగరు మాత్రలు ఆపేయమన్నాడు డాక్టరు. గురక లేదుట. హాల్లో పడుకునే సీత తన చాప మళ్ళీ గదిలోకి తెచ్చుకుంది. ఎందుకని అడిగితే, "హాల్లో దోమలు" అంది.

కడుపు మాత్రం ఇంకా సర్దుకోలేదు.

21 సెప్టెంబరు, ఆదివారం

ఏం తిన్నానో రాయను.

మహాలయ పక్షం. గుడివాడలో బ్యాంకు మేనేజరు గిరిధర్ గారింట్లో వాళ్ళ నాన్నగారికి పెట్టారు. తద్దినానికి ఇద్దరు భోక్తలు కూర్చోవాలి. దేవతల స్థానంలో చిన్నబాబు, పితృస్థానంలో నేను. ఈ చిన్నబాబు యాభై రెండు కిలోల మనిషి. తిన్నదంతా ఎక్కడికి పోతుందో వైద్యులు పరిశోధించాలి. ఎప్పట్నుంచో నా పీట మీద వాడికి కన్నుంది.

భోక్త భోజనం చేస్తూ మాట్లాడకూడదు. చేత్తో సైగ చెయ్యాల్సిందే. ఇన్నేళ్ళూ ఆ నియమం నాకు ఇబ్బందే కాలేదు, నోరు ఖాళీగా ఉంటేగా! ఇవాళ మూడో గారెకి చెయ్యి ఎత్తాను. మొహమాటమనుకున్నారు.

"మీరలా అంటే ఎలాగండీ? మా నాన్నగారు పొద్దున్న కాఫీలోకే పది తినేవారు" అంటూ గిరిధర్ గారు తన చేత్తో రెండు వేశారు.

ఏంచెయ్యను? తిన్నాను. నాలుగు. ఐదోదానిలో సగం. చెమటలు పట్టాయి. పక్కన చిన్నబాబు ఓరగా చూస్తున్నాడు. వాడు చూస్తుంటే మిగతా సగం కూడా నోట్లో పెట్టుకున్నాను.

అంతే. విస్తరి మీదే అయిపోయింది.

పితృస్థానంలో ఉన్నవాడికి వాంతి అయితే తద్దినం చెల్లదు. మళ్ళీ మొదట్నుంచీ పెట్టాలి. నాగేశ్వరరావుగారు ఆ మాట చెప్పేసరికి ఇల్లంతా గొల్లుమంది.

"అంటే మా నాన్నగారికి పడలేదాండీ?" అన్నారు గిరిధర్ గారు.

"ఏం పడలేదో ఏమో" అన్నారు నాగేశ్వరరావుగారు, నావంక చూస్తూ.

అందరూ నావంకే చూస్తున్నారు. నిజం చెప్పడానికి అదే సమయం. "నూనె" అన్నాను.

దాంతో గిరిధర్ గారు భార్యమీద పడ్డారు. చవక నూనె తెచ్చి తన తండ్రి కడుపు పాడుచేసిందన్నారు. ఆవిడ, పోయినాయన బతికున్నన్నాళ్ళూ తన వంటకి వంకలు పెట్టారనీ, పోయాక కూడా మానలేదనీ లోపలికెళ్ళి ఏడ్చింది. మంచి నూనే. గారెలు చాలా బాగున్నాయి. నేనా మాట అనలేదు.

22 సెప్టెంబరు

గుడివాడలో ఇవాళ మళ్ళీ పెట్టారు. పితృస్థానంలో చిన్నబాబు. పదిహేడు తిన్నాట్ట.

23 సెప్టెంబరు

పదిహేడు!

12 అక్టోబరు

రాగిజావ. గుడ్డు తినమంటుంది ఆసుపత్రి అమ్మాయి. ఆ అమ్మాయికి నా సంగతి ఇంకా అర్థం కాలేదు.

పక్షం మొత్తానికి ఆ తర్వాత నన్ను ఒక్కరు పిలవలేదు. నాగేశ్వరరావుగారి దగ్గరికి నేనే వెళ్ళాను. ఆయన అరుగుమీద ఏవో దర్భలు సర్దుకుంటూ నావంక చూడకుండా మాట్లాడారు.

"ఏంచెయ్యమంటావయ్యా? 'ఆ పాత లావుపాటాయన్ని పంపండి' అని అడుగుతున్నారు. ఆయనే ఈయన అంటే నమ్మట్లేదు. కోడూరుకి కూడా చిన్నబాబునే పితృస్థానంలో కూర్చోబెడదామనుకుంటున్నా. నువ్వు వాడి పీట మీద కూర్చో. దేవతలు ఎంత తిన్నారని ఎవరూ చూడరు."

"కోడూరు నాది" అన్నాను. గొంతు పెరిగింది. ఆయన మొదటిసారి తలెత్తి చూశారు.

"మరి తినగలవా?"

"నవమికి ఇంకా చాలా రోజులుంది."

"ఆవిడ సంగతి నీకూ తెలుసు. ఏడాదికొక్కసారి. అక్కడ గుడివాడలో చేసినట్టు చేశావంటే ఆవిడ తట్టుకోలేదు మార్కండేయులూ."

ఇంటికొచ్చి సీతమీద అరిచాను. ఎందుకరిచానో గుర్తులేదు.

19 అక్టోబరు

కోడూరు నుంచి ఫోన్. సీత తీసింది. కనకమహాలక్ష్మిగారి గొంతు నాకు ఇవతలికి వినబడుతూనే ఉంది.

"ఎవరో చిన్నబాబుగార్ట, ఆయన్ని కూర్చోబెడతామంటున్నారమ్మా నాగేశ్వరరావుగారు. వీల్లేదని చెప్పాను. పద్నాలుగేళ్ళ నుంచీ అలవాటైన మనిషి. కొత్తవాళ్ళయితే మావారు గుమ్మం ఎక్కరు. మీవారిని తప్పకుండా పంపించు తల్లీ."

"అలాగేనండీ" అంది సీత. ఫోన్ పెట్టేసి నావంక చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. ఏదైనా అనుంటే బాగుండేది.

20 అక్టోబరు

ఆసుపత్రికి ఫోన్ చేశాను.

"అమ్మా, ఒక్కపూట. ఒకే ఒక్కపూట కాస్త ఎక్కువ తినడానికి ఏదైనా మందు ఉందా?"

"ఏం తినాలండీ?"

"గారెలు."

"ఎన్ని?"

"ఇరవై."

లైను పోయిందనుకున్నాను. "ఇరవై ముక్కలాండీ?" అంది చివరికి. కాదన్నాను. ఆ అమ్మాయి డాక్టరుకిచ్చింది. ఆయన ఈసారి నవ్వలేదు. కుట్లు పిగిలితే హైదరాబాదు దాకా కూడా రానక్కర్లేదు, దార్లోనే అయిపోతుంది అన్నాడు.

డాక్టర్లు అలాగే అంటారు.

5 నవంబరు

బరువు తొంభై ఎనిమిది. వందలోపు నేను ఎప్పుడున్నానో నాకే తెలీదు. సీత దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో మాత్రం కాదు.

భయంగా ఉంది. అదీ నిజం. చస్తాననీ భయమే, తినలేననీ భయమే. రెండింట్లో ఏది ఎక్కువో తెలియట్లేదు.

ఒక ఉపాయం తోచింది. ఉత్తరీయాన్ని ఒళ్ళో సంచీలా మడుచుకుని, గారె నోటిదాకా తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళి ఒళ్ళోకి జార్చడం. పీట వేసుకుని, అటుకుల డబ్బా మూత విస్తరనుకుని, అప్పడాలతో అభ్యాసం చేశాను. నాలుగోసారికి చెయ్యి తిరిగింది. వెనక సీత నిలబడి ఉంది.

"పితృదేవతలకి పార్సిలా?" అంది.

6 నవంబరు, గురువారం. కార్తీక శుద్ధ నవమి

గారెలు ఒకటిన్నర. పరమాన్నం రెండు చెంచాలు. అరటికాయ కూర, వేలితో అద్దినంత.

పొద్దున్నే నాగేశ్వరరావుగారు, చిన్నబాబు, నేను బస్సెక్కాం. అవనిగడ్డలో దిగి కోడూరు ఆటో ఎక్కుతుంటే చిన్నబాబు నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, కష్టమైతే సైగ చెయ్యి. నీ ఆకులోవి నేను లాక్కుంటా" అన్నాడు. వాడి మొహంలో వెటకారం కోసం వెతికాను. దొరకలేదు. అది ఇంకా చిరాకేసింది.

కనకమహాలక్ష్మిగారి అబ్బాయి భానుప్రకాష్ కాళ్ళు కడిగాడు. ఉప్పెన నాటికి ఆరేళ్ళ పిల్లాడుట. తండ్రి మొహం సరిగ్గా గుర్తులేదంటాడు. నా పాదాలు పట్టుకుని, నీళ్ళు పోస్తూ, ఒక్కక్షణం ఆగాడు. పోయినేడు పట్టుకున్న పాదాలు కావివి.

విస్తరి వేశారు. కోడలు గారెలు వడ్డించింది, మొదటివిడతే ఆరు. వంటింటి గుమ్మంలో ఆవిడ వచ్చి నిలబడింది, తలుపుకి చెంప ఆనించి. నేను తల ఎత్తలేదు. తల ఎత్తకుండానే తెలుస్తోంది ఆవిడ ఎక్కడ చూస్తోందో.

మొదటి గారె తిన్నాను. ముప్పై సార్లు నమిలి. అల్లప్పచ్చడి అద్దుకుని. ఇంత రుచైన గారె నేను ఎప్పుడూ తినలేదని రాస్తే అబద్ధం కాదు. అంతకుముందు ఇరవై నాలుగు తిన్నప్పుడు ఒక్కదాని రుచీ నాకు గుర్తులేదు.

రెండోది సగం అయింది. చాలింక అని లోపల తెలుస్తూనే ఉంది. మిగతా సగం వేళ్ళ మధ్య పట్టుకున్నాను. ఒళ్ళో ఉత్తరీయం సిద్ధంగా ఉంది. చెయ్యి కిందికి రావాలి, అంతే. అప్పుడు తల ఎత్తాను. ఎందుకెత్తానో? ఆవిడ రెప్ప వెయ్యడం లేదు. ఆ మనిషి కళ్ళముందు, ముప్పై ఒక్కేళ్ళ కిందట కొట్టుకుపోయిన మొగుడికోసం తెల్లవారుజామున లేచి రుబ్బిన గారెని ఒళ్ళో దాచుకోవడమా! నా చెయ్యి రాలేదు. పోనీ మింగేద్దామనుకున్నాను. గుడివాడ విస్తరి కళ్ళముందు కదిలింది.

ఆ సగాన్ని ఆకులో పెట్టేశాను. కోడలు ఇంకో రెండు తీసుకుని వంగింది. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"వెయ్యవే" అన్న మాట వినబడలేదు. తల ఎత్తి చూస్తే గుమ్మంలో ఆవిడ లేదు.

చచ్చాననుకున్నాను. నాగేశ్వరరావుగారు నన్ను కాల్చేసేలా చూస్తున్నారు. చిన్నబాబు, పాపం, నాకోసం కూడా కలిపి తింటున్నట్టు పదకొండోది నములుతున్నాడు. చివర్లో భానుప్రకాష్ చేతులు జోడించి, తృప్తిగా భోంచేశారా అని మంత్రం ప్రకారం అడిగాడు. తృప్తి అయిందని నేనూ మంత్రం ప్రకారం చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న మాటే. ఒక్కసారీ నాకు కడుపు నిండి చెప్పింది కాదు, ఇంటికెళ్ళి ఏం తినాలా అని ఆలోచిస్తూ చెప్పిందే. ఇవాళ నిజంగా నిండింది. నమ్మేవాడు లేడు.

అంతా అయ్యాక, తాంబూలం పుచ్చుకుని అరుగు దిగబోతుంటే కోడలొచ్చి, "అత్తయ్యగారు మిమ్మల్ని ఒకసారి పెరట్లోకి రమ్మంటున్నారండీ" అంది.

ఆవిడ నూతిగట్టు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. ఏడ్చినట్టుంది. ఇంక దాచి లాభం లేదు, ఆపరేషన్ సంగతి చెప్పేసి కాళ్ళమీద పడదామని, "అమ్మా, నేను..." అన్నాను.

"కూర్చోండి" అంది. చెప్పనివ్వలేదు.

"మావారు రివటలా ఉండేవారండీ. కడుపులో పుండు. పదకొండేళ్ళు కాపురం చేశాను. ఏం వండినా ఒకటిన్నర, రెండు, అంతే. ఆకుమీద చెయ్యి అడ్డం పెట్టేసేవారు. ఉప్పెననాడూ అంతే, అన్నం కెలికి లేచి గట్టు చూసొస్తానని వెళ్ళారు."

పద్నాలుగేళ్ళు ఇరవైలూ, ఇరవై నాలుగులూ లాగించి, ఆయన్ని దింపేస్తున్నానని మురిసిపోయాను. నేనెవర్ని దింపానో?

"మరి మీరు కళ్ళొత్తుకునేవారు కదమ్మా, నేను తింటుంటే?"

"పోనీలే, అక్కడికెళ్ళాకైనా పుండు తగ్గింది, ఆకలి పుట్టింది అనుకునేదాన్ని. మీరు తింటుంటే ప్రాణానికి హాయిగా ఉండేది. కానీ ఆయనలా ఎప్పుడూ అనిపించలేదండీ, దేవుడిమీద ఒట్టు. ఇవాళ మీరు ఆ సగం గారె ఆకులో పెట్టి, నావంక దొంగచూపు చూసి, చెయ్యి అడ్డం పెట్టారు చూశారూ..." ఆవిడ చప్పున లేచి నిలబడింది. కొంగు బొడ్లో దోపుకుంది. గొంతు మారిపోయింది. "తెల్లారుజామున లేచి ఇంత చేస్తే ఒకటిన్నర గారెకి చెయ్యి అడ్డం పెడతారా? నేనేమన్నా విషం కలిపానా? మనిషన్నాక తినొద్దూ? ఇలా అయితే ఎన్నాళ్ళు బతుకుతారు?"

నావంకే చూస్తోంది. నన్ను చూడ్డం లేదు. తల వంచుకుని నిలబడ్డాను.

"రేపట్నుంచి తింటాను" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. ఆయన కూడా రోజూ అదే మాట చెప్పేవార్ట.